ప్లగ్ థర్మోస్టాట్

ప్లగ్ థర్మోస్టాట్ గోడ సాకెట్‌కూ విద్యుత్ ఉపకరణానికీ మధ్య పెట్టే ఉష్ణోగ్రతా నియంత్రకం. దీనికి ఒకవైపు ప్లగ్ పిన్నులు, మరోవైపు సాకెట్ ఉంటాయి. గది ఉష్ణోగ్రతను కొలుస్తూ, వాడేవారు సెట్ చేసిన అంకెను బట్టి, తనకు తగిలించిన హీటరుకో కిటికీ ఏసీకో కూలరుకో కరెంటు ఇస్తుంది, లేదా ఆపుతుంది. దీన్ని పెట్టుకోవడానికి గోడలో వైర్లు మార్చనక్కర్లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవనక్కర్లేదు. అద్దె ఇళ్లలో, ఇల్లంతటికీ ఒకే తాపన వ్యవస్థ లేని చోట్ల, ఒక్క గదికే వేడి గానీ చల్లదనం గానీ కావలసినప్పుడు దీని వాడకం ఎక్కువ.

ఈ పరికరం వేడిని పుట్టించదు, చల్లదనాన్నీ పుట్టించదు. తగిలించిన ఉపకరణం సామర్థ్యాన్ని పెంచదు. ఆ ఉపకరణం ఎంతసేపు నడవాలో నిర్ణయించడమే దీని పని. అందువల్ల ఖర్చు ఎంత తగ్గుతుందన్నది ఏ ఉష్ణోగ్రత సెట్ చేశారు, రోజుకు ఎన్ని గంటలు వాడుతున్నారు, తగిలించిన ఉపకరణం ఎలాంటిది అనే మూడు అంశాల మీద ఆధారపడి ఉంటుంది.

పేరు, పరిధి

'థర్మోస్టాట్' అనే మాటకు మూలాలు గ్రీకులో ఉన్నాయి. 'థెర్మోస్' అంటే వేడి, 'స్టాటోస్' అంటే కదలకుండా నిలిచినది. భారతీయ మార్కెట్లో ఇదే తరహా పరికరాలను ఎక్కువగా 'టెంపరేచర్ కంట్రోలర్' అనే పేరుతో అమ్ముతారు.

థర్మోస్టాట్ తెలుగు ఇళ్లకు కొత్త వస్తువు కాదు. ఇస్త్రీ పెట్టె వేడెక్కాక 'టిక్' మని చప్పుడై ఎర్ర దీపం ఆరిపోవడం, కాసేపటికి మళ్లీ వెలగడం థర్మోస్టాట్ పనే. ఫ్రిజ్‌లో 1 నుంచి 7 అంకెలున్న మర, గీజరులో నీళ్లు కాగాక కరెంటు ఆపే భాగం కూడా థర్మోస్టాట్లే. అవి ఉపకరణం లోపల ఇమిడి ఉంటాయి. ప్లగ్ థర్మోస్టాట్ అదే పనిని ఉపకరణం బయట, సాకెట్ దగ్గర చేస్తుంది.

దీన్ని పోలిన మరో మూడు పరికరాలు ఉన్నాయి. టైమర్ ప్లగ్ గడియారాన్ని మాత్రమే చూస్తుంది, ఉష్ణోగ్రతను పట్టించుకోదు. స్మార్ట్ ప్లగ్ ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేసే వీలు ఇస్తుంది. దానికి ఉష్ణోగ్రతా సెన్సరు జత అయితే ప్లగ్ థర్మోస్టాట్‌గా పనిచేస్తుంది. గోడ థర్మోస్టాట్ ఇంటి మొత్తం తాపన, శీతలీకరణ వ్యవస్థను నడుపుతుంది. అమెరికా ఇళ్లలో ఇది చాలావరకు 24 వోల్టుల తక్కువ వోల్టేజీ మీద పనిచేస్తుంది. ప్లగ్ థర్మోస్టాట్ మాత్రం ఉపకరణం తీసుకునే పూర్తి కరెంటును తన గుండానే పంపుతుంది. రెంటికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే, భద్రతా నియమాలు చాలావరకు దీని నుంచే పుట్టాయి.

చరిత్ర

తొలి ఉష్ణోగ్రతా నియంత్రకాల్లో ఒకటి కోడిగుడ్ల కోసం తయారైంది. డచ్ ఆవిష్కర్త కార్నెలిస్ డ్రెబెల్ 17వ శతాబ్దం తొలి భాగంలో గుడ్లు పొదిగే పెట్టెను రూపొందించి, దాని పొయ్యి వేడిని నిలకడగా ఉంచే ఏర్పాటు చేశాడు. వేడి పెరిగితే గొట్టంలోని ద్రవం వ్యాకోచించి పాదరసాన్ని పైకి నెట్టేది. దానితో పాటు లేచిన కడ్డీ పొయ్యికి గాలి వెళ్లే దారిని మూసేది. మంట తగ్గి పెట్టె చల్లబడితే దారి తిరిగి తెరుచుకునేది.

18వ శతాబ్దంలో ఆంగ్లేయ గడియార నిపుణుడు జాన్ హారిసన్ నౌకా గడియారాల్లో ఉష్ణోగ్రత వల్ల వచ్చే తేడాను సరిచేయడానికి ద్విలోహ పట్టీని వాడాడు. ఒకే వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాలను అతికిస్తే ఆ పట్టీ వేడికి వంగుతుంది. స్కాట్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్ ఈ సూత్రంతో చేసిన నియంత్రకానికి 1830లో పేటెంట్ పొంది, దానికి 'థర్మోస్టాట్' అని పేరు పెట్టాడు.

గది ఉష్ణోగ్రతను విద్యుత్తుతో నియంత్రించే దశ అమెరికాలో మొదలైంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ పట్టణంలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అధ్యాపకుడు వారెన్ జాన్సన్ 1883లో విద్యుత్ గది థర్మోస్టాట్‌కు పేటెంట్ పొందాడు. అంతకుముందు అక్కడ భవన సిబ్బంది పాఠం జరుగుతున్న గదుల్లోకి వచ్చి వేడి చూసుకొని, నేలమాళిగకు దిగి గాలి తలుపులు సర్దేవారు. 1885లో జాన్సన్ మిల్వాకీలో స్థాపించిన సంస్థ తర్వాతి కాలంలో జాన్సన్ కంట్రోల్స్ అయింది. అదే ఏడాది మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్, గది చల్లబడగానే బొగ్గు కొలిమికి గాలి తలుపు తెరిచే పరికరాన్ని తయారుచేశాడు. ఆ పరికరం చుట్టూ పెరిగిన కంపెనీ 1927లో హనీవెల్ సంస్థతో కలిసిపోయింది. 1953లో వచ్చిన హనీవెల్ గుండ్రని థర్మోస్టాట్ 'టీ87'కు హెన్రీ డ్రేఫస్ రూపకల్పన చేశాడు. ఒక్క వలయాన్ని తిప్పి అంకె సెట్ చేసే ఆ తీరు దశాబ్దాల పాటు అమెరికా ఇళ్ల గోడల మీద నిలిచింది.

కొలిమి, రేడియేటర్ లేని గదుల్లో విడి హీటర్లు, కిటికీ ఏసీలు చేరడంతో నియంత్రకాన్ని గోడ నుంచి సాకెట్‌కు తేవలసిన అవసరం ఏర్పడింది. మైక్రోకంట్రోలర్లు, చిన్న రిలేలు చౌకయ్యాక అంకెలు కనిపించే తెర, వారపు టైమ్‌టేబుల్ ఉన్న ప్లగ్ థర్మోస్టాట్లు సామాన్య వినియోగానికి వచ్చాయి. కిటికీ ఏసీలకూ విడి హీటర్లకూ వాడే లక్స్ 'విన్100', ఒకేసారి హీటరునూ శీతలీకరణ ఉపకరణాన్నీ నడపగల ఇంక్‌బర్డ్ 'ఐటీసీ-308' వీటికి ఉదాహరణలు. 2011లో వచ్చిన నెస్ట్ గోడ థర్మోస్టాట్ ఇంటర్నెట్ ఆధారిత నియంత్రణకు ప్రాచుర్యం తెచ్చింది. ఆ సంస్థను గూగుల్ 2014లో 320 కోట్ల డాలర్లకు కొన్నది. ఫోన్‌తో నడిచే ప్లగ్ రకాలూ ఆ ధోరణిలోనే వ్యాపించాయి.

నిర్మాణం

సాధారణ ఎలక్ట్రానిక్ ప్లగ్ థర్మోస్టాట్‌లో ఐదు భాగాలుంటాయి.

సెన్సరు: ఎక్కువగా థర్మిస్టర్. ఇది వేడెక్కే కొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే చిన్న గింజ. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 10,000 ఓమ్‌ల నిరోధం చూపే రకం వాడుకలో ఎక్కువ. కొన్ని పరికరాల్లో సెన్సరు పెట్టెలోనే ఉంటుంది, కొన్నింటిలో పొడుగు తీగ చివర ఉంటుంది.

మైక్రోకంట్రోలర్: సెన్సరు కొలతను సెట్ చేసిన అంకెతో పోల్చి నిర్ణయం తీసుకుంటుంది. టైమ్‌టేబుల్, ఆలస్యం, హెచ్చరిక వంటివీ దీని పనే.

రిలే: చిన్న విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్. ఉపకరణానికి వెళ్లే కరెంటును ఇదే కలుపుతుంది, విడదీస్తుంది.

విద్యుత్ సరఫరా భాగం: ఇంటి కరెంటును లోపలి భాగాలకు సరిపడే తక్కువ వోల్టేజీకి మారుస్తుంది.

తెర, మీటలు: ప్రస్తుత ఉష్ణోగ్రతనూ సెట్ చేసిన ఉష్ణోగ్రతనూ చూపించి, మార్చుకునే వీలు ఇస్తాయి.

పాత యాంత్రిక రకాల్లో సెన్సరు, నిర్ణయం, స్విచ్ మూడింటి పనినీ ఒక్క ద్విలోహ పట్టీయే చేస్తుంది. ఇవి సరళమైనవి, ఎక్కువకాలం మన్నుతాయి. అయితే కచ్చితత్వం తక్కువ, రోజులో వేళను బట్టి ఉష్ణోగ్రత మార్చుకునే వీలు ఉండదు.

పనిచేసే తీరు

తాపన పద్ధతిలో గది చల్లబడితే కరెంటు వస్తుంది, వేడెక్కితే ఆగుతుంది. శీతలీకరణలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఆన్ అయ్యే అంకె, ఆఫ్ అయ్యే అంకె ఒకటే అయితే రిలే క్షణక్షణం కొట్టుకుంటుంది. అందుకే రెంటి మధ్య కొంత ఎడం ఉంచుతారు. ఎడం 1 డిగ్రీ అనుకుంటే, 20 డిగ్రీలకు సెట్ చేసిన హీటరు 20 వద్ద ఆగి 19 వద్ద మళ్లీ మొదలవుతుంది. 26 డిగ్రీలకు సెట్ చేసిన ఏసీ 26 వద్ద ఆగి 27 వద్ద మొదలవుతుంది. కొన్ని పరికరాలు ఈ ఎడాన్ని సెట్ అంకెకు రెండు వైపులా సమానంగా పంచుతాయి.

ఎడం తగ్గితే గది వేడి నిలకడగా ఉంటుంది, రిలే మీద భారం పెరుగుతుంది. సాధారణ రిలే పూర్తి లోడు మీద దాదాపు లక్షసార్లు పనిచేసేలా తయారవుతుంది. గంటకు 6 సార్ల చొప్పున రోజంతా, ఏడాది పొడవునా పనిచేస్తే 52,560 సార్లు అవుతుంది. అంటే రెండేళ్లలోపే ఆ హద్దు వస్తుంది. రోజుకు 8 గంటలు, ఏడాదికి 120 రోజులే వాడితే ఏడాదికి 5,760 సార్లు మాత్రమే.

కంప్రెసర్ ఉన్న ఉపకరణాలకు మరో జాగ్రత్త కావాలి. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ మొదలైతే, లోపలి శీతలకం పీడనం ఇంకా సమం కానందున మోటారు మొరాయిస్తుంది, కరెంటు విపరీతంగా లాగుతుంది. అందువల్ల ఒకసారి ఆఫ్ అయ్యాక దాదాపు 3 నిమిషాల దాకా ఆన్ కాకుండా ఆలస్యం పెడతారు. ఏసీ స్టెబిలైజర్లలో కరెంటు వచ్చాక కాసేపు దీపం మినుకుతూ ఉండటానికి కారణమూ ఇదే.

రకాలు

చేసే పనిని బట్టి తాపనకు మాత్రమే పనికొచ్చేవి, శీతలీకరణకు మాత్రమే పనికొచ్చేవి, మీట నొక్కి రెంటిలో ఒకటి ఎంచుకునేవి, రెండు సాకెట్లతో రెంటినీ ఒకేసారి నడిపేవి అని నాలుగు రకాలు.

నియంత్రణ పద్ధతిని బట్టి మూడు రకాలు. మొదటిది ఒకే అంకె మీద నడిచే సాదా రకం. రెండోది వేళను, వారాన్ని బట్టి అంకె మార్చుకునే ప్రోగ్రామింగ్ రకం. మూడోది వైఫై ద్వారా ఫోన్‌కు కలిసే రకం. మూడో రకంలో సెట్టింగులు పరికరంలోనే నిలిచి ఉంటే ఇంటర్నెట్ పోయినా పని సాగుతుంది. సర్వర్ మీదే ఆధారపడితే సాగదు.

సెన్సరు స్థానాన్ని బట్టి పెట్టెలోనే సెన్సరు ఉన్నవి, తీగ సెన్సరు ఉన్నవి, గదిలో వేరే చోట పెట్టిన రిమోట్ నుంచి రేడియో సంకేతంతో కొలత అందుకునేవి ఉన్నాయి.

ఉపకరణాలతో పొందిక

కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను తిరిగి మొదలయ్యే ఉపకరణానికే ప్లగ్ థర్మోస్టాట్ సరిపడుతుంది. తిప్పే మర ఉన్న ఆయిల్ హీటరు, పాత కిటికీ ఏసీ, సాదా కూలరు ఈ కోవలోకి వస్తాయి. వీటి మరను బాగా పెంచి ఉంచితే నియంత్రణ బయటి థర్మోస్టాట్ చేతికి వస్తుంది. లేకపోతే లోపలి థర్మోస్టాట్ ముందుగానే ఆపేసి, రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి.

మీటలతో, రిమోట్‌తో నడిచే ఉపకరణాల్లో చాలావరకు కరెంటు వచ్చినా స్టాండ్‌బైలోనే ఉండిపోతాయి. తరచూ కోతలుండే భారత్‌లో ఎన్నో ఏసీలకు 'ఆటో రీస్టార్ట్' సౌకర్యం ఉంటుంది. అది ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. ఏసీ నడుస్తుండగా స్విచ్ ఆపి, ఐదు నిమిషాలాగి తిరిగి వేయాలి. రిమోట్ ముట్టుకోకుండానే చల్లగాలి మొదలైతే సౌకర్యం ఉన్నట్టే.

ఇన్వర్టర్ ఏసీకి ప్లగ్ థర్మోస్టాట్ తగదు. గది చల్లబడే కొద్దీ కంప్రెసర్ వేగాన్ని తగ్గించి తక్కువ కరెంటుతో నడవడంలోనే దాని పొదుపు ఉంది. బయటి నుంచి సరఫరానే తెంచితే ఆ ప్రయోజనం పోతుంది, ఎలక్ట్రానిక్ భాగాల మీద ఒత్తిడి పెరుగుతుంది. స్ప్లిట్ ఏసీలకు సొంత నియంత్రణ ఉన్నందున వాటికీ సాధారణంగా దీని అవసరం రాదు.

నీళ్ల కూలరు విషయంలో ఫలితం గాలిలోని తేమను బట్టి మారుతుంది. పొడి ఎండలు కాసే తెలంగాణ జిల్లాల్లో కూలరు గదిని గణనీయంగా చల్లబరుస్తుంది కాబట్టి థర్మోస్టాట్‌కు పని ఉంటుంది. ఉక్క ఎక్కువగా ఉండే కోస్తా ఆంధ్రలో గది చల్లబడేది కొంతే. సెట్ చేసిన అంకెకు ఉష్ణోగ్రత దిగకపోతే కూలరు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

విద్యుత్ సామర్థ్యం

పరికరం మీద రాసిన ఆంపియర్ల కంటే ఉపకరణం తీసుకునే కరెంటు తక్కువగా ఉండాలి. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి.

భారత్: 230 వోల్టులు. ప్లగ్గులు, సాకెట్లకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 1293. చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, అంటే గరిష్ఠంగా 1,380 వాట్లు. పెద్ద సాకెట్ 16 ఆంపియర్లది, అంటే 3,680 వాట్లు. వాడుకలో 'పవర్ ప్లగ్' అనేది ఇదే. 2,000 వాట్ల హీటరుకు 8.7 ఆంపియర్లు కావాలి కాబట్టి చిన్న సాకెట్ పనికిరాదు.

అమెరికా: 120 వోల్టులు, 15 ఆంపియర్లు. 1,500 వాట్ల హీటరు 12.5 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ సర్క్యూట్ మీద మరో పెద్ద ఉపకరణానికి చోటు మిగలదు.

బ్రిటన్: ప్లగ్‌లోనే 13 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. హద్దు దాదాపు 3,000 వాట్లు.

హీటరు వంటి నిరోధక లోడు స్థిరంగా ఒకే కరెంటు తీసుకుంటుంది. ఏసీ, కూలరు వంటి మోటారు లోడు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. అందుకే చాలా పరికరాల మీద ఈ రెండు లోడ్లకూ వేర్వేరు హద్దులు రాస్తారు.

అమర్చే చోటు

సెన్సరు ఎక్కడి గాలిని కొలుస్తుందో అక్కడి ఉష్ణోగ్రతే పరికరానికి తెలుస్తుంది. సాకెట్లు నేలకు దగ్గరగా ఉండే గదుల్లో, చల్లగాలి కిందికి చేరడం వల్ల, మంచం ఎత్తులో ఉన్న వేడి కంటే తక్కువ అంకె నమోదవుతుంది. హీటరు అవసరానికి మించి నడుస్తుంది. బీరువా వెనుక, తెర చాటున గాలి ఆడని చోట కూడా కొలత తప్పుతుంది. పూర్తి లోడు మీద రిలే, పిన్నులు వెచ్చబడతాయి కాబట్టి పెట్టెలోని సెన్సరు అసలు కంటే ఎక్కువ చూపవచ్చు. తీగ సెన్సరును మనుషులు కూర్చునే లేదా పడుకునే ఎత్తులో, ఎండ పడని గోడ మీద, హీటరు వేడీ ఏసీ గాలీ నేరుగా తగలని చోట ఉంచడం వల్ల ఈ లోపాలు తగ్గుతాయి.

ఖర్చుపై ప్రభావం

సూత్రం

ఇంటి గోడలు, కిటికీలు, పైకప్పు గుండా వేడి ప్రవహించే వేగం లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడాకు అనులోమంగా ఉంటుంది. బయట 10 డిగ్రీలు, లోపల 22 డిగ్రీలు అయితే తేడా 12. లోపలి అంకెను 20కి దించితే తేడా 10 అవుతుంది. వేడి నష్టం ఆరో వంతు, అంటే దాదాపు 17 శాతం తగ్గుతుంది. వేసవిలో బయట 38 ఉన్నప్పుడు లోపల 20కి బదులు 26 ఉంచితే తేడా 18 నుంచి 12కు పడిపోతుంది. గోడల గుండా వచ్చే వేడిలో మూడో వంతు తగ్గినట్టే. కిటికీ నుంచి పడే ఎండ, గాలిలోని తేమ, మనుషులూ ఉపకరణాలూ వెలువరించే వేడి ఈ లెక్కలో చేరవు.

గదిని చల్లబడనిచ్చి మళ్లీ వేడి చేస్తే ఎక్కువ ఖర్చవుతుందనే నమ్మకం విస్తృతంగా ఉంది. విద్యుత్ హీటరు విషయంలో అది సరికాదు. గది చల్లగా ఉన్నంతసేపూ నష్టం తక్కువగా ఉంటుంది. తిరిగి వేడెక్కించడానికి పట్టే శక్తి ఆ పొదుపును మించదు. హీట్ పంపు విషయంలో మాత్రం మినహాయింపు ఉంది. ఒక్కసారిగా అంకె పెంచితే దానికి తోడుగా ఉండే విద్యుత్ కాయిల్ మొదలై ఖర్చు పెరగవచ్చు.

ఉదాహరణ

థర్మోస్టాట్ లేని 1,500 వాట్ల హీటరు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆగకుండా నడిస్తే 12 యూనిట్లు. ప్లగ్ థర్మోస్టాట్ దాన్ని సగం సమయమే నడిపితే 6 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే రాత్రికి 42 రూపాయలు మిగులుతాయి. హీటరుకు సొంత థర్మోస్టాట్ ముందే ఉంటే తేడా ఇంత ఉండదు. అప్పుడు మిగిలేది కచ్చితత్వం వల్ల, వేళను బట్టి అంకె దించడం వల్ల వచ్చే పొదుపే. ప్లగ్ థర్మోస్టాట్ స్వయంగా 1 వాట్ తీసుకుంటే ఏడాదికి 8.76 యూనిట్లు ఖర్చవుతుంది.

వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబుల పద్ధతి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గృహ వినియోగానికి అమల్లో ఉంది. అందువల్ల మిగిలిన యూనిట్లు పై శ్లాబు ధరకు లెక్కకొస్తాయి. సగటు ధరతో వేసిన లెక్క కంటే బిల్లులో తగ్గుదల ఎక్కువ కనిపిస్తుంది.

ఒక్క గది తాపన

చలి దేశాల్లో ప్లగ్ థర్మోస్టాట్‌ను తరచూ వాడేది ఇంటి మొత్తం తాపనాన్ని తగ్గించి, మనుషులున్న గదిని మాత్రం విడి హీటరుతో వెచ్చగా ఉంచుకోవడానికి. ఇక్కడ ఇంధనం ధర కీలకం. అమెరికాలో గ్యాసును కొలిచే 'థెర్మ్' లోని వేడి 29.3 యూనిట్ల విద్యుత్తుకు సమానం. ఒక థెర్మ్ ధరనూ 29.3 యూనిట్ల ధరనూ పోల్చితే, చాలా చోట్ల గ్యాసు ఎంతో చౌక. కాబట్టి గ్యాసు కొలిమి అంకెను బాగా దించినప్పుడే, వెచ్చగా ఉంచే గది ఇంటిలో చిన్న భాగమైనప్పుడే ఈ పద్ధతి లాభిస్తుంది. కొలిమి మామూలుగా నడుస్తుండగా హీటరును తోడు పెడితే ఖర్చు పెరుగుతుంది.

అధికారిక అంచనాలు, విధానాలు

రోజుకు 8 గంటలు థర్మోస్టాట్ అంకెను 7 నుంచి 10 ఫారన్‌హీట్ డిగ్రీలు సడలిస్తే ఏడాది తాపన, శీతలీకరణ ఖర్చులో 10 శాతం దాకా ఆదా అవుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. చలికాలంలో దించడాన్నీ వేసవిలో పెంచడాన్నీ సడలింపుగా లెక్కించారు. ఈ అంచనా ఇంటి మొత్తం వ్యవస్థకు సంబంధించినది. ఒక్క గది ప్లగ్ థర్మోస్టాట్‌కు నేరుగా వర్తించదు.

భారత్‌లో 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ, ఏసీ అంకె ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం విద్యుత్ ఆదా అవుతుందని ప్రచారం చేస్తోంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ పరిధిలోని గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలవ్వాలనే నిబంధన వచ్చింది. ఏసీల అంకెలు 20 నుంచి 28 డిగ్రీల మధ్యే ఉండేలా నియమం తెచ్చే ఆలోచనను కేంద్ర విద్యుత్ మంత్రి 2025 జూన్‌లో ప్రకటించారు. సీలింగ్ ఫ్యాను వేసుకుంటే సౌకర్యం తగ్గకుండా ఏసీ అంకెను 2 డిగ్రీల మేర పెంచుకోవచ్చన్నది అమెరికా ఇంధన శాఖ సూచన.

ఐరోపా సంఘం 2015లో చేసిన, 2018 జనవరి 1 నుంచి అమలైన 2015/1188 నిబంధన విడి హీటర్ల సామర్థ్య లెక్కలో వాటి నియంత్రణ సౌకర్యాలను చేర్చింది. దానితో అక్కడి కొత్త హీటర్లలో థర్మోస్టాట్ అంతర్భాగమవుతూ వచ్చింది. బయటి ప్లగ్ థర్మోస్టాట్ అవసరం ప్రధానంగా పాత ఉపకరణాలకు మిగిలింది.

పరిమితులు

ప్రోగ్రామింగ్ థర్మోస్టాట్ల అనుభవం ఈ రంగంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. ఇళ్లలో ఆశించిన పొదుపు రుజువు కాకపోవడంతో అమెరికాలో వాటికి ఇచ్చే ఎనర్జీ స్టార్ గుర్తింపును 2009 డిసెంబర్ 31తో నిలిపివేశారు. టైమ్‌టేబుల్ సెట్ చేయడం కష్టమనిపించి చాలామంది పరికరాన్ని ఒకే అంకె మీద ఉంచేయడం ఇందుకు ఒక కారణం. తర్వాత ఇంటర్నెట్‌కు కలిసే థర్మోస్టాట్లకు 2017లో, వాస్తవ వినియోగ సమాచారం ఆధారంగా, కొత్త గుర్తింపు మొదలైంది. సెట్ చేయడంలోని ఈ ఇబ్బంది ప్లగ్ థర్మోస్టాట్‌కూ వర్తిస్తుంది. వేళలు, అంకెలు సెట్ చేయకుండా వదిలేస్తే అది మామూలు సాకెట్‌తో సమానం.

ఇది తేమను కొలవదు. కోస్తా ప్రాంతాల్లో ఒంటికి తెలిసే ఉక్క ఉష్ణోగ్రత అంకెలో కనిపించదు. చౌక రకాల కొలతలో 1 డిగ్రీ వరకు తేడా మామూలే. విడి థర్మామీటరుతో పోల్చి సరిచేసుకునే సౌకర్యం కొన్నింటిలో ఉంటుంది. గోడలకు ఉష్ణ నిరోధం లేకపోవడం, తలుపుల సందుల్లోంచి గాలి పోవడం వంటి లోపాలను థర్మోస్టాట్ సరిచేయలేదు.

భద్రత

మనుషులు దగ్గర లేనప్పుడు కూడా హీటరు తనంతట తాను మొదలవడం ఈ పరికరంతో వచ్చే ప్రధాన ప్రమాదం. హీటరు మీద బట్ట జారిపడి ఉన్నా, తెర తగులుతున్నా థర్మోస్టాట్‌కు తెలియదు. రిలే కాంటాక్టులు వేడికి అతుక్కుపోతే కరెంటు ఆగనే ఆగదు. కాబట్టి అతివేడికి ఆగే కటాఫ్, ఒరిగితే ఆగే స్విచ్ హీటరులోనే ఉండాలి. బయటి థర్మోస్టాట్ వాటికి ప్రత్యామ్నాయం కాదు.

హీటరును ఎక్స్‌టెన్షన్ తీగకు గానీ పవర్ స్ట్రిప్‌కు గానీ తగిలించకుండా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలని అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం సూచిస్తుంది. టైమర్లు, బయటి నియంత్రకాలు వాడవద్దని కొందరు హీటరు తయారీదారులు తమ సూచనల పుస్తకాల్లో స్పష్టంగా రాస్తారు. అలాంటి చోట ప్లగ్ థర్మోస్టాట్ వాడకూడదు. స్వయంచాలక విద్యుత్ నియంత్రకాలకు అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60730. వదులైన సాకెట్, నల్లబడిన పిన్నులు, చేతికి చురుక్కుమనే వేడి ఉంటే వాడకం ఆపివేయాలి.

తెలుగు ప్రాంతాల్లో వినియోగం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గది హీటర్ల వాడకం తక్కువ. లంబసింగి, అరకు వంటి మన్యం ప్రాంతాల్లో, ఆదిలాబాద్ పరిసరాల్లో చలి తీవ్రంగా ఉన్నా అది ఏడాదిలో కొద్ది వారాలే. అందువల్ల ఇంటి తాపనం కంటే ఇతర పనుల్లోనే ఈ పరికరాలు ఎక్కువగా కనిపిస్తాయి. కోడిగుడ్లు పొదిగే చిన్న ఇంక్యుబేటర్లు అందులో ముఖ్యమైనవి. గుడ్లకు 21 రోజుల పాటు దాదాపు 37.5 డిగ్రీల వేడి ఉండాలి. థర్మోకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యాను, 12 వోల్టులతో నడిచే 'డబ్ల్యూ1209' నియంత్రక ఫలకంతో పెరటి కోళ్లు పెంచేవారు వీటిని సొంతంగా తయారుచేసుకుంటారు. పిల్లలు బయటికొచ్చాక బ్రూడింగ్ దశలో మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీలు ఉంచి, తర్వాత వారానికి కొన్ని డిగ్రీల చొప్పున దించుతారు. వేళను బట్టి అంకె మార్చడమన్న ఇంటి పొదుపు సూత్రమే ఇక్కడ పిల్లల వయసును బట్టి అమలవుతుంది. అక్వేరియంలు, పుట్టగొడుగుల గదులు మరికొన్ని వాడుకలు.

అమెరికా, బ్రిటన్, కెనడాల్లో అద్దె ఇళ్లలో ఉండే తెలుగువారికి ఈ పరికరం అసలు ఉద్దేశంతోనే పరిచయమవుతుంది. గోడ థర్మోస్టాట్ మార్చడానికి యజమాని అనుమతి కావాలి. ప్లగ్ రకానికి అది అక్కర్లేదు, ఇల్లు మారేటప్పుడు పెట్టెలో వేసుకొని వెళ్లవచ్చు.

ఇవి కూడా చూడండి

ద్విలోహ పట్టీ, థర్మిస్టర్, రిలే, వోల్టేజ్ స్టెబిలైజర్, ఇన్వర్టర్ ఏసీ, హీట్ పంపు, స్టార్ లేబుల్, ఇంక్యుబేటర్, ఉష్ణ నిరోధం, విద్యుత్ శ్లాబులు